లిథియం వేసుకునేవారి ఉప్పూ నీళ్లూ

మానసిక ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రోహిణి కార్తె దగ్గరపడేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. నిద్ర, కోపం, మందులు ఎప్పుడు మానొచ్చన్న ప్రశ్నలు తగ్గి, దాహం, నీరసం, విరేచనాలు, చేతుల వణుకు గురించి ఎక్కువమంది రాస్తారు. బైపోలార్ జబ్బుకు (ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) మందులు వాడేవారికి ఇవి చిన్న సంగతులు కావు. అందుకే ఈసారి ఆ కోవకు చెందిన ప్రశ్నలే తీసుకున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు. బైపోలార్ జబ్బుకు ఏడేళ్లుగా రోజుకు 900 మిల్లీగ్రాముల లిథియం వాడుతూ బాగానే ఉన్నాడు. ఏప్రిల్‌లో బీపీ ఉందని తేలితే ఊళ్లో డాక్టరుగారు మాత్ర రాసి, ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. చప్పిడి తిండి పెట్టాం. పది రోజులు తిరిగేసరికి చేతులు వణకడం, విరేచనాలు మొదలయ్యాయి. తాగినవాడిలా తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. గుంటూరులో చేర్పిస్తే రక్తంలో లిథియం 2.3 ఉందన్నారు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించి పంపారు. వాడు ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు, నేనే లెక్కపెట్టి ఇచ్చాను. మరి ఎలా పెరిగింది? – ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: మీ లెక్క తప్పలేదమ్మా. మామూలుగా 0.6 నుంచి 0.8 మధ్య ఉంచే లెవెల్ 2.3కు చేరింది. వేసుకునే మాత్రలు మారకపోయినా రక్తంలో లిథియం రెండు మూడు రెట్లవడానికి దారులున్నాయి. మీ తమ్ముడి విషయంలో అలాంటివి నాలుగు ఒకేసారి కలిశాయి.

మిగతా మానసిక మందుల్ని చాలావరకు కాలేయం విరగ్గొట్టి బయటికి పంపుతుంది. లిథియం జోలికి అది పోదు. వేసుకున్న మందు ఎలా ఉన్నది అలాగే కిడ్నీల గుండా మూత్రంలో పోవాలి. రసాయన లక్షణాల్లో లిథియం సోడియానికి (ఉప్పులో ఉండేది ఇదే) దగ్గరి చుట్టం. కిడ్నీ వడకట్టిన నీటిలోంచి సోడియాన్ని వెనక్కి లాక్కునే మొదటి భాగానికి ఈ రెంటికీ తేడా పెద్దగా తెలియదు, సోడియంతోపాటు లిథియాన్నీ లాగేస్తుంది. మామూలు రోజుల్లో వడపోతలోకి దిగిన లిథియంలో సుమారు ఐదో వంతు మాత్రమే మూత్రంలో పోతుంది, మిగతాది తిరిగి రక్తంలోకే వస్తుంది. మీ తమ్ముడికి 900 అని రాసింది ఈ లెక్క మీదే. ఒంట్లో ఉప్పు తగ్గినా, నీరు తగ్గినా కిడ్నీ పొదుపు మొదలుపెడుతుంది. సోడియాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లిథియం కూడా దాంతోపాటే లోపల ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ నాలుగూ చూడండి. మొదటిది, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం. రెండోది, బీపీ మాత్ర. ఇంట్లో ఆ షీటు ఉంటే వెనక అట్ట తిప్పి చదవండి. పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ కలిసి ఉంటుంది. ఇవి మూత్రం ఎక్కువ పోయించే మందులు. ఒంట్లో సోడియం తగ్గించి బీపీ దింపుతాయి, ఆ పనిలోనే లిథియాన్ని 25 నుంచి 40 శాతం దాకా పెంచగలవు. వారం పది రోజుల్లో ఆ ప్రభావం బయటపడుతుంది. టెల్మీసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి విడిగా ఇచ్చినా లిథియం పెరుగుతుంది. వీటితో ఒక్కోసారి మూడు నాలుగు వారాలకు గానీ తెలియదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూడోది పల్నాడు ఎండ. నాలుగోది విరేచనాలు, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. లిథియం ఎక్కువైతే మొదట కనిపించే లక్షణాల్లో విరేచనాలు ఒకటి. వాటివల్ల ఒంట్లో నీరూ ఉప్పూ పోయి లిథియం ఇంకా పెరుగుతుంది, పెరిగేకొద్దీ విరేచనాలు ముదురుతాయి. ఇంట్లోవాళ్లు మామిడిపండ్లు పడలేదనుకుని మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ కొని వేస్తారు. ఆ మందు కూడా లిథియాన్ని పెంచగలదు.

ఉప్పుకీ లిథియానికీ ఉన్న ఈ పేచీ కొత్తది కాదు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. ఆ రోజుల్లోనే అమెరికాలో, ఉప్పు తినకూడదన్న గుండె రోగులు దానికి బదులు కూరల్లో చల్లుకోవడానికని లిథియం క్లోరైడ్ అమ్మారు. ఒంట్లో ఉప్పు లేనివారికి చెంచాలతో లిథియం అందింది. కొందరు చనిపోయారు, సరుకును వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో లిథియం మందుగా అనుమతి పొందేసరికి 1970 వచ్చింది. మీ ఇంట్లో జరిగింది దాని చిన్న రూపమే.

ఇక మీదట ఏం చేయాలి? ఉప్పు మళ్లీ మామూలుగా వేయండి. ఇంటిల్లిపాదీ తినే కూర, పప్పు, మజ్జిగ ఎలా ఉంటాయో అలాగే. బీపీ ఉంది కాబట్టి అప్పడాలు, ఊరగాయలు తగ్గించాలనుకుంటే రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించండి, ఆ సంగతి సైకియాట్రిస్టుకు చెప్పి మధ్యలో ఒకసారి రక్తంలో లిథియం లెవెల్ చూపించండి. దుకాణాల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొనకండి. అందులో సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం ఉంటుంది. లిథియానికి అది చేసే మేలు లేదు, టెల్మీసార్టాన్ లాంటివి వాడుతుంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ముప్పు కూడా. బీపీకి అమ్లోడిపిన్ లాంటి మందు సరిపోతుందేమో ఇద్దరు డాక్టర్లనీ అడగండి. లిథియం లెవెల్‌ను అది పెద్దగా కదిలించదు. వేరే దారి లేక మూత్రం మందే వాడాల్సి వస్తే ముందే లిథియం మోతాదు తగ్గించి, కుదురుకునే దాకా వారానికోసారి రక్తం చూడాలి.

భయపడి లిథియం పూర్తిగా ఆపేయాలని అనుకోవద్దు. ఏడేళ్లు పనిచేసిన మందును ఒక్కసారిగా మానితే ఉన్మాదం తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. ఇంకొకటి: తూలడం, మాట తడబడడం ఈ పాటికి తగ్గి ఉండాలి. తగ్గకపోతే నరాల డాక్టరుకు చూపించండి. లిథియం విషమించినవారిలో కొద్దిమందికి చిన్నమెదడు దెబ్బతిని, లెవెల్ దిగిపోయాక కూడా నడక కుదురుకోదు.

ప్రశ్న: రోజూ ఎన్ని నీళ్లు తాగాలి? ఒకరు ఐదు లీటర్లంటారు, ఒకరు దాహమేస్తేనే అంటారు. ఎండాకాలమని రోజూ ఓఆర్‌ఎస్ తాగొచ్చా? లిథియం 800 వాడుతున్నాను. – ఒక గృహిణి, రామగుండం

జవాబు: ఎక్కువ మందికి వేసవిలో రెండున్నర నుంచి మూడు లీటర్లు సరిపోతాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఈ లెక్క వర్తించదు. లీటర్ల కంటే మూత్రం రంగు మంచి గుర్తు: లేత పసుపు ఉంటే చాలు. ముదురు పసుపైతే నీళ్లు తక్కువైనట్టు. రోజంతా నీళ్లలా తెల్లగా వస్తుంటే అవసరానికి మించి తాగుతున్నట్టు, లేదా కిడ్నీ నీటిని పట్టుకోలేకపోతున్నట్టు (దీనికి వేరే ప్రశ్న కింద జవాబుంది). లిథియానికి కావలసింది నిలకడ. నిన్న లీటరు, ఇవాళ ఐదు, రేపు పెళ్లి పనుల్లో పడి మళ్లీ లీటరు – దీంతో లెవెల్ కిందికీ మీదికీ ఊగుతుంది. అటు ఊగితే వణుకు, ఇటు ఊగితే జబ్బు తిరగబెట్టడం.

రోజూ ఓఆర్‌ఎస్ అవసరం లేదు. సరైన పొట్లంలో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. అది విరేచనాలప్పటి మందు. ఏ జబ్బూ లేకుండా రోజూ తాగితే మీరు తినేదాని మీద అదనంగా సోడియం చేరి లిథియం లెవెల్ పడిపోవచ్చు. మామూలు రోజులకు ఉప్పేసిన పలుచటి మజ్జిగ, గంజి, రాగి అంబలి చాలు. ఇవి ఏటా తాగే అలవాటున్నవే కాబట్టి మీ శరీరం లెక్కలోనే ఉంటాయి.

కొనేటప్పుడు జాగ్రత్త: పేరులో ఓఆర్‌ఎస్ అని రాసి టెట్రా డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాల్లో చాలావాటికి ఈ పాళ్లు లేవు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పొడి పొట్లమే కొనండి, పెద్ద పొట్లానికి కొలిచిన లీటరు నీళ్లు పోయండి. సగం పొట్లం ఒక గ్లాసులో కలిపితే ఉప్పు చిక్కనై విరేచనాలు పెరుగుతాయి. పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమతలపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గరిట కాదు.

ప్రశ్న: లిథియం వేసుకునేవారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు మాత్ర వేయాలా, వద్దా? – కర్నూలు

జవాబు: ఒకటి రెండుసార్లు అయి ఆగిపోతే, తిండీ నీళ్లూ మామూలుగా దిగుతుంటే మాత్ర వేయొచ్చు. మళ్లీ మళ్లీ అవుతుంటే, తాగిన నీళ్లు నిలవకపోతే తర్వాతి మాత్ర ఆపి అదే రోజు మీ సైకియాట్రిస్టుతో మాట్లాడండి. ఒక రోజు మాత్ర తప్పినందుకు జబ్బు తిరగబెట్టదు. నీరు పోయిన ఒంటి మీద పడే మాత్ర మాత్రం ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలదు. ప్రతి విరేచనం తర్వాత ఒక గ్లాసు ఓఆర్‌ఎస్ గుక్కలు గుక్కలుగా తాగించండి. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, చేతుల వణుకు ముతకగా మారినా (కాఫీ గ్లాసు ఒలికేంత), తూలినా, మాట ముద్దగా వచ్చినా, మగతగా పడి ఉన్నా 108 పిలవండి. మందుల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. అక్కడ చేరగానే "లిథియం వాడుతున్నారు, లెవెల్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడండి" అని చెప్పండి (క్రియాటినిన్ కిడ్నీ పనితీరు చూపే పరీక్ష). క్యాజువాలిటీలో మామూలు విరేచనాల కేసనుకుంటే లెవెల్ పంపకపోవచ్చు. మింగిన చాలా విషాలకు ఇచ్చే బొగ్గుపొడి లిథియాన్ని పట్టుకోదు. సెలైన్, అవసరమైతే డయాలిసిస్, ఇవే వైద్యం.

విరేచనాలు కట్టి, మామూలుగా తింటున్నాక డాక్టరు చెప్పిన మోతాదుతో మొదలుపెట్టండి. తప్పిన మాత్రలు కలిపి వేయకండి. ఈ నాలుగు మాటలు వచ్చేసారి వెళ్లినప్పుడు మీ డాక్టరుతో చీటీ మీద రాయించుకుని ఇంట్లో పెట్టుకుంటే, అర్ధరాత్రి ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. మీ డాక్టరు దొరకని వేళ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలుంటే మాత్రం ఫోనుతో కాలయాపన చేయొద్దు.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్లు, 12 ఏళ్లుగా లిథియం వాడుతున్నారు. రోజుకు ఏడెనిమిది లీటర్ల నీళ్లు తాగుతున్నారు, రాత్రి ఐదుసార్లు మూత్రానికి లేస్తారు. నీళ్లు తాగడం వల్లే ఇలా అవుతోందని మా అత్తగారు రాత్రిపూట బిందె దాచేస్తున్నారు. ఇది కూడా మనసు జబ్బేనా? – కాకినాడ

జవాబు: ముందు ఆ బిందె తీసి మంచం పక్కన పెట్టండి. మీ అత్తగారు అనుకుంటున్నదానికి అసలు కారణం తలకిందులుగా ఉండే అవకాశం ఎక్కువ: నీళ్లు తాగుతున్నందువల్ల మూత్రం పోతోందని కాదు, మూత్రం పోతున్నందువల్లే నీళ్లు తాగుతున్నారు. అలాంటప్పుడు నీళ్లు ఆపితే కొన్ని గంటల్లోనే రక్తంలో సోడియం పెరుగుతుంది, దాని వెనకే లిథియమూ.

లిథియం ఏళ్ల తరబడి వాడేవారిలో ఇది తరచూ చూసే సమస్య. మూత్రం బయటికి పోయేముందు కిడ్నీ చివరి గొట్టాలు అందులోని నీటిని వెనక్కి పీల్చుకుంటాయి. మెదడు నుంచి వచ్చే ఒక హార్మోను చెప్పగానే ఆ గొట్టాల గోడల్లో నీటి ద్వారాలు తెరుచుకోవాలి. సోడియం వెళ్లే దారినే లిథియం ఆ కణాల్లోకి దూరి కూర్చుంటుంది, ద్వారాల సంఖ్య తగ్గిపోతుంది. హార్మోను ఎంత చెప్పినా కిడ్నీ వినదు. పలుచటి నీళ్లలాంటి మూత్రం లీటర్లకు లీటర్లు పోతుంది.

అయితే దాహం అన్నంత మాత్రాన లిథియమే అని తేల్చకూడదు. మొదట పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆయన ఓలాంజపిన్ లాంటి మానసిక మందులు కూడా వాడుతుంటే షుగరు జబ్బు వచ్చి ఉండొచ్చు. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వల్ల నోరెండి పదే పదే తాగేవారున్నారు. వారికి దాహం ఉంటుంది గానీ రాత్రి ఇన్నిసార్లు లేవరు. కాల్షియం కూడా చూడాలి. లిథియం పారాథైరాయిడ్ గ్రంథులను కదిలించి కాల్షియం పెంచితే దానివల్లా దాహం వేస్తుంది. వీటితోపాటు సోడియం, క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, లిథియం లెవెల్.

ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. 24 గంటల మూత్రం కొలవండి. పొద్దున లేవగానే మొదటి మూత్రం వదిలేసి టైము రాసుకోండి. అప్పటి నుంచి మర్నాడు అదే టైముకు వచ్చే మొదటి మూత్రం దాకా, అదీ కలుపుకుని, గీతలున్న పెద్ద డబ్బాలో పట్టండి. మూడు లీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. అదే రోజు తాగిన నీళ్లు, కాఫీ, మజ్జిగ పక్కన రాయండి. ఈ కాగితం చూపిస్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

లిథియమే కారణమైతే చేయగలిగినవి చాలా ఉన్నాయి. రోజుకు రెండు మూడుసార్లు వేసే మాత్రలను రాత్రి ఒకేసారికి మారిస్తే కొందరికి మూత్రం తగ్గుతుంది. లెవెల్ 0.9, 1.0 దగ్గర ఉంటే 0.6 చుట్టుపక్కలకు దింపి చూస్తారు. అమిలోరైడ్ అన్న మందు లిథియం ఆ కణాల్లోకి దూరే దారినే మూసేస్తుంది. దాన్ని పొటాషియం, లిథియం లెవెల్ చూసుకుంటూ డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. మొదట్లో గుర్తిస్తే కిడ్నీ తిరిగి కోలుకోవచ్చు. పదేళ్లు దాటాక పూర్తిగా కోలుకుంటుందని చెప్పలేం, అలాగని వదిలేయడమూ తగదు.

దాహానికి కూల్‌డ్రింకులు, చెరుకురసం, పళ్లరసాలు వద్దు. ఏడెనిమిది లీటర్ల దాహం వాటితో తీర్చుకుంటే ఆర్నెల్లలో బరువు, షుగరు రెండూ వస్తాయి. ఇంకొక మాట, ఇది అందరికంటే ముందు మీరే గుర్తుంచుకోవాలి. ఆయనకు ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే రాత్రి నుంచి నీళ్లు తాగొద్దంటారు. మామూలు మనిషికి అది ఇబ్బందే లేదు. ఈయనకు తెల్లవారేసరికి ఒళ్లు ఎండిపోతుంది. మత్తు డాక్టరుకు ముందురోజే చెప్పండి. రాత్రి నుంచే తగిన ఫ్లూయిడ్ పెట్టి సోడియం చూసుకుంటారు. ఏ ఫ్లూయిడ్ అన్నదీ ముఖ్యమే, ఇలాంటివారికి ఒట్టి నార్మల్ సెలైనే ఎక్కిస్తూ పోతే సోడియం ఇంకా పెరగొచ్చు.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు. బైపోలార్ జబ్బుకు ఆక్స్‌కార్బజెపిన్ మొదలుపెట్టి రెండు నెలలైంది. బీపీకి హెచ్ ఉన్న మాత్ర వాడుతుంది. తలనొప్పి, వికారం, మతిమరుపుగా మాట్లాడటం చూసి వడదెబ్బ అనుకుని నీళ్లు బాగా తాగించాం. ఇంకా పాడైంది. ఆసుపత్రిలో సోడియం 118 అన్నారు. లిథియం కాదు కదా, ఇదెందుకు? – రాజమహేంద్రవరం

జవాబు: ఇది పైదానికి పూర్తి వ్యతిరేకం. ఆక్స్‌కార్బజెపిన్, దానికంటే కొంత తక్కువగా కార్బమజెపిన్, కిడ్నీ నీటిని వదలకుండా చేస్తాయి. ఒంట్లో ఉప్పు ఉన్నంతే ఉంటుంది, నీరు మితిమీరి సోడియం పలుచబడుతుంది. ఉండాల్సింది 135 నుంచి 145. 125 కంటే దిగితే మీరు చూసినవన్నీ కనిపిస్తాయి, ఇంకా దిగితే ఫిట్స్. పెద్ద వయసు, ఆడవారు, మూత్రం మాత్ర, మొదటి మూడు నెలలు – ఈ నాలుగూ మీ అమ్మగారి విషయంలో ఉన్నాయి. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌సిటలోప్రామ్ లాంటివి కూడా ఇదే పని చేయగలవు. ఇలాంటి ఒంటికి తాగించిన ప్రతి చెంబు నీళ్లూ సోడియాన్ని ఇంకా కిందికి తోస్తుంది.

ఆసుపత్రిలో సోడియాన్ని మెల్లగా ఎక్కిస్తున్నారని విసుక్కోకండి. 24 గంటల్లో 8 దాకా మాత్రమే పెరగనిస్తారు. తొందరపడి ఎక్కిస్తే మెదడు కాండంలో నరాల పొర దెబ్బతిని, కోలుకున్న మనిషి కాళ్లూ చేతులూ పడిపోయి మిగలొచ్చు. ఇంటికొచ్చాక ఉప్పు ఎక్కువ వేసి సరిచేద్దామనుకోవద్దు. మందు మార్చాలా అన్నది సైకియాట్రిస్టును, బీపీ మాత్ర మార్చాలా అన్నది ఫిజీషియన్‌ను అడగండి. ఈ మందు వాడే పెద్దవారికి మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత మొదటి మూడు నెలల్లో రెండు మూడుసార్లు సోడియం చూడాలి. పరీక్ష ఖర్చు కొద్దిగానే ఉంటుంది.

ప్రశ్న: జగిత్యాల నుంచి దుబాయ్ వచ్చి నిర్మాణ పనిలో ఉన్నాను. లిథియం రాత్రిపూట 800. జూన్ నుంచి ఎండలెలా ఉంటాయోనని భయంగా ఉంది. – ఒక సోదరుడు

జవాబు: అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలూ నీడలో పడుకోండి. పనిలో ఉన్నంతసేపూ పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు. గంటకు లీటరున్నర దాటొద్దు. మధ్యాహ్నం అన్నం మానకండి, చెమటలో పోయే ఉప్పు తిరిగొచ్చేది ఆ తిండిలోంచే. సెలవుకొచ్చి తిరిగి వెళ్లిన మొదటి రెండు వారాలే అన్నిటికంటే ప్రమాదం. ఒంటికి వేడి అలవాటు తప్పుతుంది, చెమటలో ఉప్పు ఎక్కువ పోతుంది. ఆ రెండు వారాల్లో ఒకసారి లెవెల్ చూపించుకోండి. ఒళ్లు నొప్పులని క్యాంపు క్లినిక్‌కు వెళ్తే డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు, లిథియం వాడుతున్నానని ముందే చెప్పండి. ఎనర్జీ డ్రింకులు ఒక వారం తాగి తర్వాతి వారం ఆపేయడం కూడా లెవెల్‌ను కదిలిస్తుంది. కెఫీన్ లిథియాన్ని బయటికి తోస్తుంది, అది ఆగగానే లెవెల్ పెరుగుతుంది. టీ అలవాటుంటే రోజూ అన్నే కప్పులు తాగండి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు ఏ మాత్ర వేసుకోవచ్చు? – నెల్లూరు

జవాబు: పారాసిటమాల్. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కిడ్నీకి రక్తం తగ్గించి లిథియాన్ని పెంచుతాయి. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్రలు షాపుల్లో చాలా ఉన్నాయి, "పారాసిటమాలే కదా" అని ఇస్తారు. షీటు చదవండి. పైపూత మందు కొద్దిగా రాసుకుంటే పెద్ద బాధ లేదు.

ప్రశ్న: నా భార్యకు ఉన్మాదం వచ్చినప్పుడు ఆసుపత్రిలో 1200 లిథియం ఇచ్చారు, బాగా పడింది. ఇంటికొచ్చి నెలైంది. అదే మోతాదుకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు లెవెల్ 1.4 వచ్చింది, పొద్దున మాత్ర వేసుకుని వెళ్లాం. – వరంగల్

జవాబు: రెండు విషయాలు వేరుచేయాలి. ఉన్మాదం ఉధృతంగా ఉన్నప్పుడు శరీరం ఎక్కువ లిథియాన్ని తట్టుకుంటుంది. జబ్బు చల్లబడ్డాక అదే మోతాదుకు లెవెల్ పెరుగుతుంది కాబట్టి ఆసుపత్రి మోతాదును ఇంటికొచ్చాక తప్పకుండా సవరించాలి. ఇక 1.4 నమ్మదగ్గ అంకె కాదు. ఆఖరి మాత్ర వేసిన 12 గంటలకు రక్తం తీయాలి: రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. మోతాదు మార్చాక ఐదారు రోజులు ఆగి చూడాలి. ల్యాబులో పచ్చ మూత గొట్టంలో తీస్తే వద్దనండి. అందులో గడ్డకట్టకుండా వేసే హెపారిన్ చాలావాటిలో లిథియం ఉప్పే, మందు వేసుకోని మనిషి రక్తంలోనూ లిథియం చూపిస్తుంది. ఎర్ర మూత లేదా పసుపు మూత గొట్టం అడగండి. వణుకు ఉంది కాబట్టి రేపే మళ్లీ చేయించండి, డాక్టరుకు ఇవాళే ఫోన్ చేయండి. మామూలుగా ఉంచే లెవెల్ 0.6 నుంచి 0.8, పెద్దవారికి ఇంకొంచెం తక్కువ.

ప్రశ్న: ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా ఉండొచ్చా? – ఇద్దరు పాఠకులు, హైదరాబాద్

జవాబు: జబ్బు కుదురుగా ఉండి, లెవెల్ సరిగ్గా ఉంటే పండ్లు, పాలు, నీళ్లతో ఏకాదశి ఒక్కపొద్దు ఉండొచ్చు. నీళ్లు కూడా ముట్టని నిర్జల ఉపవాసం వద్దు. రోజాలు చలికాలంలో వస్తే చాలామంది ఇబ్బంది లేకుండా ఉండగలుగుతారు. అయినా ముందే డాక్టరును కలిసి మాత్రను ఇఫ్తార్ తర్వాతికి మార్చుకోవాలి, ఇఫ్తార్ నుంచి సహరీ దాకా రెండు లీటర్లకు తగ్గకుండా తాగాలి, మొదటి వారంలో లెవెల్ చూడాలి. ఎండాకాలపు రోజాలు, 60 దాటినవారు, కిడ్నీ సమస్య, ఈ మధ్యే జబ్బు తిరగబెట్టినవారు – వీరికి మేం వద్దనే చెబుతాం. జబ్బుగా ఉన్నవారికి ధర్మంలోనే మినహాయింపు ఉంది.

ప్రశ్న: మాది ఉద్దానం, కంచిలి మండలం. ఇంట్లో ఇద్దరికి కిడ్నీ జబ్బుంది. నాకు లిథియం రాశారు. వేసుకోవచ్చా? – శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎవరికి ఎప్పుడు మొదలవుతుందో లక్షణాలతో తెలియదు, చాలా ముదిరాకే బయటపడుతుంది. కాబట్టి మాత్ర మొదలుపెట్టే ముందే క్రియాటినిన్, కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ప్రొటీన్ చూపించండి. ఈ మూడు బాగుంటే లిథియం వేసుకోవచ్చు. కానీ మిగతావారికి ఆర్నెల్లకోసారి చేసే కిడ్నీ పరీక్షను మీరు మూడు నెలలకోసారి చేయించుకోవాలి. ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తగ్గి ఉంటే లిథియం కంటే వేరే మందు గురించి మాట్లాడటం మేలు, 30 కంటే తగ్గితే సాధారణంగా లిథియం ఇవ్వరు. క్వెటియపిన్, వాల్‌ప్రోయేట్ లాంటివి ప్రధానంగా కాలేయం గుండా పోతాయి. వాల్‌ప్రోయేట్ పిల్లలు పుట్టే వయసు ఆడవారికి మాత్రం తగదు, గర్భంలో బిడ్డకు హాని. జీడితోటలో పనికి వెళ్లేవారైతే ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి ఉండటం, సాయంత్రం నొప్పుల మాత్ర వేసుకోవడం రెండూ కిడ్నీకి చేటే. ఫలితాల కాగితాలన్నీ తేదీలవారీగా ఒకే ఫైలులో ఉంచండి. ఒక్క అంకె కంటే, ఏడాదిలో అది ఎంత జారిందన్నదే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.